టామీ జాన్‌ను నిలబెట్టింది సర్జరీ ఒక్కటేనా?

క్లుప్తంగా: బేస్‌బాల్‌లో బంతి వేసే ఆటగాళ్ల, అంటే పిచర్ల మోచేతికి చేసే ‘టామీ జాన్ సర్జరీ’ పేరు అందరికీ తెలుసు. ఆ పేరున్న ఆటగాడి గురించి తెలిసినవాళ్లు తక్కువ. 1974లో ఆపరేషన్ అయ్యాక అతను ఇంకో 14 సీజన్లు ఆడి 164 మ్యాచ్‌లు గెలిచాడు (బేస్‌బాల్‌లో జట్టు గెలుపును ఒక పిచర్ పేరిట రాస్తారు). తెగిన లిగమెంట్‌ను (ఎముకలను కలిపే పట్టీని) డాక్టర్ బాగుచేశారు. అది మళ్లీ తెగకుండా కాపాడింది మాత్రం అతను బంతి వేసిన తీరు. ఈ రెండో సంగతి మరుగున పడటం వల్లే ఆ సర్జరీ చుట్టూ ఇన్ని అపోహలు పుట్టాయి.

పిచర్‌గా, బ్యాటర్‌గా రెండు పాత్రల్లోనూ ఆడే జపాన్ స్టార్ షోహే ఒహ్తానీ 2018 అక్టోబర్‌లో ఒకసారి, 2023 సెప్టెంబర్‌లో మరోసారి మోచేతికి ఆపరేషన్ చేయించుకున్నాడు. 2025 జూన్‌లో మళ్లీ మౌండ్ (పిచర్ బంతి వేసే దిబ్బ) ఎక్కాడు. అదే ఏడాది అక్టోబర్ 17న ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ మీద పది మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు, బ్యాట్ పట్టి బంతిని మైదానం దాటించి మూడు హోమ్ రన్లు కొట్టాడు. రెండుసార్లు కోత పడిన చేయి అంత బాగా పనిచేయడం చూసినవాళ్లకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. ఈ ఆపరేషన్‌తో చేయి మునుపటికంటే గట్టిపడుతుందా? అమెరికాలో హైస్కూల్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, కొందరు కోచ్‌లు కూడా అలాగే నమ్ముతున్నారని అక్కడి డాక్టర్ల సర్వేల్లో తేలింది. ఈ నమ్మకంలో నిజమెంతో తెలియాలంటే, మొదటిసారి ఆ ఆపరేషన్ చేయించుకున్న మనిషి కెరీర్‌ను మొదటినుంచీ చూడాలి.

గాయానికి ముందు

టామీ జాన్ 1943 మే 22న ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్‌లో పుట్టాడు. ఎడమచేతి పిచర్. ఇరవై ఏళ్లకే, 1963లో, క్లీవ్‌లాండ్ తరఫున అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అక్కడ కుదురుకోలేదు. 1965లో షికాగో వైట్ సాక్స్‌కు మారాక గానీ పేరు రాలేదు. 1968లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, సగటున 1.98 పరుగులే ఇచ్చాడు. కానీ ఆ ఆగస్టులో డెట్రాయిట్ ఆటగాడు డిక్ మెకాలిఫ్‌తో మైదానంలోనే కలబడ్డాడు. భుజం దెబ్బతిని మిగతా సీజన్ అంతా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. 1971 డిసెంబర్‌లో డిక్ అలెన్ అనే పేరున్న బ్యాటర్‌ను తీసుకుని వైట్ సాక్స్ జాన్‌ను లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చేసింది.

జాన్ ఏనాడూ భయపెట్టే స్పీడ్ ఉన్న పిచర్ కాడు. అతని ప్రధాన ఆయుధం సింకర్. బ్యాటర్ దాకా వచ్చే సరికి కిందికి దిగిపోయే బంతి అది. బ్యాట్ దాని పైభాగానికి తగిలి బంతి నేల మీద దొర్లుతుంది, చుట్టూ ఉన్న ఫీల్డర్లు అందుకుని అవుట్ చేస్తారు. బేస్‌బాల్‌లో పిచర్ దగ్గర రెండు దారులున్నాయి. బ్యాటర్ బంతిని తాకలేకుండా స్పీడుతో, మలుపుతో స్ట్రైక్ అవుట్ చేయడం ఒకటి. తాకనిచ్చి, ఆ తాకడం బలహీనంగా ఉండేలా చూడటం రెండోది. జాన్‌ది రెండో దారి. 26 సీజన్లు కలిపి చూస్తే అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 4.3 స్ట్రైక్ అవుట్లే చేశాడు. ఈ రోజుల్లో మేజర్ లీగ్ మొత్తం సగటే దానికి దాదాపు రెట్టింపు.

1974లో ఆ దారి అతనికి బాగా కలిసొచ్చింది. జులై నెల సగానికే 13 విజయాలు, 3 ఓటములు. జులై 17న లాస్ ఏంజిలిస్‌లో మాంట్రియల్ ఎక్స్‌పోస్‌తో మ్యాచ్. బేస్‌ల మీద రన్నర్లున్నారు, ఒకే దెబ్బకు ఇద్దరిని అవుట్ చేయాలని సింకర్ వేశాడు. మోచేతి లోపల ఏదో తేడా చేసింది. ఇంకో బంతి వేసి చూశాడు. చేతిలో పట్టు లేదు. మేనేజర్ దగ్గరికి నడిచి వెళ్లి, ఇంకొకరిని పంపమని చెప్పాడు. అప్పటికి అతని వయసు 31, విజయాలు 124.

మోచేతిలో జరిగేది

మోచేతి లోపలి వైపు, పై చేయి ఎముకను ముంజేతి ఎముకతో కలుపుతూ ఒక లిగమెంట్ ఉంటుంది. చిటికెన వేలు వెడల్పు కూడా ఉండని పట్టీ. రోజువారీ పనుల్లో దాని మీద పెద్దగా భారం పడదు. తలమీదుగా చేయి తిప్పి విసిరే ఆటల్లో మాత్రం కథ వేరు.

పిచర్ బంతి వేసే తీరును నెమ్మదిగా చూస్తే విషయం తెలుస్తుంది. ముందు కాలు నేలకు ఆనగానే నడుము తిరుగుతుంది, దాని వెంటే ఛాతీ తిరుగుతుంది. ఆ సమయానికి మోచేయి దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది. ముంజేయి, బంతి ఇంకా వెనకే ఉండిపోతాయి. ఎంత వెనక్కంటే, ముంజేయి నేలకు సమాంతరంగా పడిపోయి అరచేయి ఆకాశం వైపు చూస్తుంది. అక్కడినుంచి భుజం ఒక్కసారిగా లోపలికి తిరుగుతుంది. సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగం. మనిషి శరీరంలో కొలిచిన కదలికల్లో అత్యంత వేగవంతమైన వాటిలో ఇదొకటి. వెనక మిగిలిన ముంజేతిని ముందుకు లాక్కొచ్చే ఆ క్షణంలో మోచేతి లోపలి వైపు విచ్చుకోవడానికి చూస్తుంది. దాన్ని విచ్చుకోనివ్వకుండా పట్టి ఉంచేది ఆ చిన్న పట్టీయే.

బయోమెకానిక్స్ ల్యాబుల్లో కొలిస్తే, ప్రొఫెషనల్ పిచర్ ఫాస్ట్‌బాల్ వేసినప్పుడు మోచేతిని పక్కకు విరిచే బలం 60 న్యూటన్-మీటర్లు దాటుతోంది. మృతదేహాలనుంచి తీసిన లిగమెంట్లను పరీక్షిస్తే అందులో దాదాపు సగం బలానికే తెగిపోయాయి. లెక్క ప్రకారమైతే ప్రతి బంతికీ మోచేయి తెగాలి. తెగకపోవడానికి కారణం ముంజేతి కండరాలు. ఎముకలను దగ్గరగా బిగించి, భారంలో పెద్ద వాటా అవే మోస్తాయి. మొత్తం సమస్యకు మూలం కూడా ఇక్కడే ఉంది. కండరాలు అలసిపోతే వాటి వాటా లిగమెంట్ మీదికి వస్తుంది. అది ఒక్కసారిగా తెగదు. పాత మోకుతాడులో పోగులు ఒక్కొక్కటే తెగినట్టు లోపల్లోపల చిరుగుతూ వస్తుంది, చివరి పోగు తెగిన రోజున మాత్రమే బయటపడుతుంది. రక్తప్రసరణ తక్కువ కాబట్టి తనంతట తాను మానడం కష్టం.

1974కు ముందు దీనికి మందు లేదు. చేయి ‘చచ్చిపోయింది’ అనేవాళ్లు, ఆటగాడు ఇంటికి వెళ్లేవాడు. డాడ్జర్స్‌లోనే శాండీ కోఫాక్స్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి, లీగ్‌లోనే గొప్ప పిచర్‌గా ఉండగానే, మోచేతి కీళ్లవాతం భరించలేక 30 ఏళ్లకే ఆట మానేశాడు. జాన్ చేయి పట్టు తప్పేనాటికి ఆ సంగతి జరిగి ఎనిమిదేళ్లే.

1974 సెప్టెంబర్ 25

డాడ్జర్స్ డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదట విశ్రాంతితో ప్రయత్నించారు. ఫలితం లేదు. అప్పుడొక ఆలోచన చెప్పారు. జాన్ కుడి మణికట్టులో ఉన్న పామారిస్ లాంగస్ అనే సన్నని టెండన్‌ను తీసి, ఎడమ మోచేతిలో లిగమెంట్ ఉండాల్సిన చోట అమర్చడం. ఆ టెండన్ లేకపోయినా చేతికి పెద్ద నష్టం లేదు. కొందరికి పుట్టుకతోనే ఉండదు కూడా. అప్పటికే చేతి ఆపరేషన్లలో, పోలియో వచ్చినవాళ్ల చికిత్సలో టెండన్లను ఒకచోటనుంచి తీసి ఇంకోచోట పెట్టే పద్ధతి ఉంది. దాన్ని పిచర్ మోచేతి మీద ప్రయోగించడం మాత్రం అదే మొదలు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒకటని జోబ్ చెప్పారు. ఆపరేషన్ లేకపోతే ఆ ఒకటి కూడా లేదు.

మోచేతి రెండు ఎముకలకు రంధ్రాలు చేసి, వాటిలోంచి టెండన్‌ను ఎనిమిది అంకె ఆకారంలో అల్లి బిగించారు. ఈ ఆపరేషన్‌లో కత్తి కంటే కాలానిదే పెద్ద పాత్ర. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్, ఎముకను ఎముకకు కలిపే లిగమెంట్‌గా మారాలి. నెలల తరబడి దానిలోకి కొత్త రక్తనాళాలు పెరగాలి, పోగులు కొత్త భారానికి అనుగుణంగా సర్దుకోవాలి. ఇప్పటి వైద్యంలో కూడా పిచర్ తిరిగి మ్యాచ్ ఆడటానికి ఏడాదినుంచి ఏడాదిన్నర పడుతోందంటే కారణం ఇదే. డబ్బుతోనో, మంచి ఫిజియోతోనో ఆ గడువును పెద్దగా తగ్గించలేరు.

జాన్ విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. మోచేతి పక్కనుంచి వెళ్లే అల్నార్ నరం దెబ్బతింది. ఎడమచేతి వేళ్లు గోళ్లు విప్పిన పక్షి పాదంలా ముడుచుకుపోయాయి. డిసెంబర్‌లో ఆ నరానికి రెండో ఆపరేషన్ చేశారు. నరం రోజుకు మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుంది. మోచేతినుంచి వేలి కొస దాకా పెరగాలంటే ఎన్ని నెలలు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. 1975 సీజన్ మొత్తం అలాగే పోయింది. జట్టు ఆడుతుంటే అతను ఒంటరిగా, స్పర్శ సరిగా లేని వేళ్లతో బంతి పట్టడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు.

ఈ దశలో సహచర పిచర్ మైక్ మార్షల్ పాత్రకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. మార్షల్ 1974లో ఏకంగా 106 మ్యాచ్‌లలో బంతి వేసిన రిలీవర్, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్. శరీర కదలికల శాస్త్రం చదివినవాడు. భారం చేతి మీద తక్కువ పడేలా జాన్ డెలివరీని సరిదిద్దుకోవడంలో అతను సాయపడ్డాడు. ఈ కథలో జోబ్ పేరు చెప్పి మార్షల్ పేరు వదిలేస్తే సగమే చెప్పినట్టు.

164 విజయాలు ఎలా వచ్చాయి

1976 ఏప్రిల్ 16న అట్లాంటాతో మ్యాచ్‌లో జాన్ తిరిగొచ్చాడు. ఆ ఏడాది 207 ఇన్నింగ్స్ వేసి 10 గెలిచాడు, 10 ఓడాడు. 1977లో 20 విజయాలు. 1979లో న్యూయార్క్ యాంకీస్‌కు మారి 21, 1980లో 22. మూడుసార్లు 20 అందుకోవడం, అదీ ఆపరేషన్ తర్వాతే. అంతకుముందు ఒక్కసారి కూడా ఆ మెట్టు ఎక్కలేదు. 1989 మేలో, 46వ ఏట, యాంకీస్ తరఫునే చివరి మ్యాచ్ ఆడాడు. మొత్తం 288 విజయాలు, 700 మ్యాచ్‌లు మొదటి బంతినుంచి, 162 మ్యాచ్‌లు చివరి బంతి దాకా. మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ కప్పు మాత్రం అందలేదు. 1977, 1978లలో డాడ్జర్స్‌తో ఉండి యాంకీస్ చేతిలో, 1981లో యాంకీస్‌తో ఉండి డాడ్జర్స్ చేతిలో ఓడాడు.

ఆపరేషన్‌కు ముందు 124, తర్వాత 164. ఈ రెండు అంకెలే అపోహకు పునాది వేశాయి. పైపైన చూస్తే సర్జరీ చేయిని మెరుగుపరిచినట్టే కనిపిస్తుంది. జరిగింది అది కాదు. జాన్ ఫాస్ట్‌బాల్ వేగం పెరగలేదు, అతనికి అది అవసరం కూడా కాలేదు. అతని దగ్గర ముందూ తర్వాతా ఉన్నది అదే సింకర్. పూర్తి బలంతో వేయాల్సిన బంతి కాదది. మితమైన బలంతో, ప్రతిసారీ ఒకే తీరుగా, మోకాలి ఎత్తున పడాలి. బ్యాటర్ మొదటి రెండు బంతుల్లోనే కొట్టి నేల మీద దొర్లిస్తే ఇన్నింగ్స్‌కు పది, పన్నెండు బంతులతో పని అయిపోతుంది. స్ట్రైక్ అవుట్‌కైతే కనీసం మూడు బంతులు కావాలి, మామూలుగా అయిదారు పడతాయి. ఆ అయిదారూ పూర్తి బలంతో వేయాలి.

మోచేతి లెక్కలో ఇది చిన్న తేడా కాదు. లిగమెంట్‌ను చిరిగేలా చేసేది బంతుల సంఖ్య ఒక్కటే కాదు, గరిష్ఠ బలంతో వేసిన బంతుల సంఖ్య. జాన్ ఏడాదికి 200కు పైగా ఇన్నింగ్స్ వేసినా, వాటిలో చేతిని చివరి అంచు దాకా నెట్టినవి తక్కువ. కొత్త లిగమెంట్ పదమూడేళ్లు నిలవడానికి ఇంతకంటే బలమైన వివరణ లేదు.

అదే ఆపరేషన్ చేయించుకున్న రెండో పిచర్ సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. 1978లో బ్రెంట్ స్ట్రామ్‌కు జోబ్ ఇదే సర్జరీ చేశారు. స్ట్రామ్ మళ్లీ మేజర్ లీగ్‌లో బంతి వేయలేకపోయాడు. తర్వాత పిచింగ్ కోచ్‌గా మారి, 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ పదవిలో ఉన్నాడు. మొదటి ఫలితం అద్భుతం కాబట్టి ఆ పేరు నిలిచింది. రెండో పేరు ఎవరూ అడగరు.

స్పీడుకే విలువ కట్టే కాలం

జాన్ ఆడిన రోజుల్లో స్టార్టింగ్ పిచర్ అంటే తాను మొదలుపెట్టిన మ్యాచ్‌ను తానే ముగించాల్సినవాడు. తొమ్మిది ఇన్నింగ్స్ సాగాలంటే బలాన్ని దాచుకోవాలి, ఇరకాటంలో పడ్డప్పుడే బయటికి తీయాలి. ఇప్పుడు లెక్క మారింది. ఐదారు ఇన్నింగ్స్ చాలు, ఆ తర్వాత బుల్‌పెన్‌నుంచి (మిగతా పిచర్లు సిద్ధమయ్యే చోటు) ఒకరి తర్వాత ఒకరు వస్తారు. 2024లో 30 జట్లూ కలిపి చివరిదాకా పిచర్ ఒక్కడే వేసిన మ్యాచ్‌లు 28 మాత్రమే. దాచుకోవాల్సిన అవసరం పోయింది కాబట్టి ప్రతి బంతీ పూర్తి బలంతోనే పడుతోంది.

దీనికి తోడు కొలతలు వచ్చాయి. కెమెరాలు, రాడార్లు బంతి వేగం, తిరుగుడు, మలుపు అన్నీ అక్కడికక్కడే చెప్తున్నాయి. పెద్ద వేగానికి బ్యాటర్లు తడబడతారని డేటా తేల్చింది. అంత వేగం ఉన్న పిచర్లకే డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ముందు పిలుపు, పెద్ద కాంట్రాక్టు. 2008లో ఫాస్ట్‌బాల్ సగటు గంటకు 147 కిలోమీటర్లు. 2024 నాటికి దాదాపు 152. చూడటానికి అయిదు కిలోమీటర్లే. కానీ అది సగటు, అంటే లీగ్ మొత్తం మీద పెరిగిందని అర్థం. ఇంతలో లిగమెంట్ మందం ఏమీ పెరగలేదు. వ్యాయామంతో కండరం పెరిగినంతగా లిగమెంట్ బలపడదు. ఇంజిన్‌ శక్తి పెరుగుతూ పోయింది, దాన్ని పట్టి ఉంచే భాగం మాత్రం పాతదే.

మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థే 2024 డిసెంబర్‌లో పిచర్ల గాయాల మీద ఒక నివేదిక విడుదల చేసింది. స్పీడ్ వెంట పరుగు, బంతికి మరింత మలుపు తేవాలన్న తపన, ప్రతి బంతికీ పూర్తి బలం పెట్టడం. ప్రధాన కారణాలుగా ఆ నివేదిక ఎత్తిచూపినవి ఇవే. మేజర్ లీగ్ పిచర్లలో మూడో వంతు మంది ఈ సర్జరీ చేయించుకున్నవారే. జట్లకు ఇందులో ఒక చేదు లెక్క ఉంది. పిచర్ చేయి తెగితే ఏడాదిన్నరలో తిరిగొస్తాడు, ప్రతి ఐదుగురిలో నలుగురు వస్తున్నారు. స్పీడ్ తగ్గిస్తే మాత్రం ఈ రోజే స్థానం పోతుంది. ఆటగాడు ఏది ఎంచుకుంటాడో ఊహించడానికి పెద్ద విశ్లేషణ అక్కర్లేదు. నిజానికి ఆ సర్జరీ విజయవంతం కావడమే ప్రమాదాన్ని భరించదగినదిగా మార్చేసింది.

మరి తిరిగొచ్చినవాళ్లలో కొందరి స్పీడ్ పెరిగినట్టు ఎందుకు కనిపిస్తుంది? మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి. తెగడానికి ముందు నెలల్లో చిరుగుతున్న లిగమెంట్‌తో వేగం అప్పటికే పడిపోయి ఉంటుంది, పోలిక ఆ పడిపోయిన అంకెతో జరుగుతుంది. ఏడాది పాటు మ్యాచ్‌లు లేకుండా కాళ్లు, నడుము, భుజం మీద క్రమం తప్పని వ్యాయామం చేస్తారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడైతే ఆ ఏడాదిలో ఎలాగూ ఎదుగుతాడు. మేజర్ లీగ్ పిచర్ల మీద జరిగిన అధ్యయనాల్లో సర్జరీ వల్ల సగటు వేగం పెరిగిన దాఖలా లేదు. రెండోసారి అదే ఆపరేషన్ అవసరమైతే తిరిగొచ్చే అవకాశం మొదటిసారి కంటే తక్కువ.

పిల్లల దాకా వచ్చిన సమస్య

అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. 2007 తర్వాతి కొన్నేళ్ల అమెరికా లెక్కల్లో, ఈ సర్జరీ చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా 15నుంచి 19 ఏళ్ల వయసువారే. పూర్వం బేస్‌బాల్ వేసవి ఆట. శీతాకాలంలో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు, చేతికి విశ్రాంతి దొరికేది. ఇప్పుడు ట్రావెల్ టీమ్‌లు, స్కౌట్ల ముందు రాడార్ గన్ పెట్టి జరిపే షోకేస్‌లతో ఏడాదంతా ఆటే. ఎముకల పెరుగుదల పూర్తి కాని మోచేయి ఆ భారం ఎలా మోస్తుంది?

మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాలు తెచ్చాయి. 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులకు మించి వేయకూడదు. 11, 12 ఏళ్లకు 85. వేసిన సంఖ్యను బట్టి తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతో కూడా ఉంది, ఏటా కొన్ని నెలలు అసలు బంతే వేయకూడదు. లిటిల్ లీగ్‌లో పిల్లలను ఆడించే అమెరికా తెలుగు కుటుంబాలు ఈ పట్టికను ఒకసారి చూడటం అవసరం. ఒకే రోజు పిల్లాడు రెండు జట్ల తరఫున పిచింగ్ చేస్తే ఒక కోచ్ లెక్క ఇంకో కోచ్‌కు తెలియదు. ఆ లెక్క రాసి పెట్టాల్సింది ఇంట్లోవాళ్లే.

జపాన్ అనుభవం ఇంకా కఠినమైనది. కోషియెన్ హైస్కూల్ టోర్నీలో 1998 ఆగస్టు 20న దైసుకే మత్సుజాకా 17 ఇన్నింగ్స్‌లో 250 బంతులు వేశాడు. దేశమంతా అతన్ని హీరోను చేసింది. 2011లో అతనికీ టామీ జాన్ సర్జరీ జరిగింది. ఆ 250 బంతులే కారణమని చెప్పలేం. కానీ అక్కడి హైస్కూల్ బేస్‌బాల్ సమాఖ్య ఇప్పుడు వారానికి 500 బంతుల పరిమితి పెట్టింది.

మన ఫాస్ట్ బౌలర్లకు ఇది ఎందుకు రాదు

క్రికెట్ చూసే పాఠకులకు వచ్చే ప్రశ్న ఇది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో బంతి వేసే బౌలర్ల మోచేతి లిగమెంట్ ఎందుకు తెగదు? జవాబు నిబంధనల్లోనే ఉంది. బౌలర్ మోచేతిని 15 డిగ్రీలకు మించి చాచకూడదు. దాదాపు నిటారుగా ఉన్న చేయి భుజం మీదుగా గుండ్రంగా తిరుగుతుంది. ముంజేయి పిచర్‌కు పడిపోయినట్టు వెనక్కి పడదు, మోచేతి లోపలి వైపు అలా విచ్చుకోదు. పైగా బౌలర్ వేగంలో కొంత భాగం పరుగునుంచి వస్తుంది. పిచర్‌కు పరుగు లేదు. నిలబడ్డ చోటునుంచి, 18.44 మీటర్ల దూరానికి, సుమారు 145 గ్రాముల బంతిని విసరాలి.

బౌలర్‌కు ఆ భారం నడుముకు మళ్లుతుంది. ముందు కాలు గట్టిగా నేలకు ఆనిన క్షణంలో వెన్ను ఒకేసారి వంగి, పక్కకు ఒరిగి, తిరగాలి. అందుకే ఫాస్ట్ బౌలర్లను వెంటాడేది వెన్నెముక స్ట్రెస్ ఫ్రాక్చర్. జస్‌ప్రీత్ బుమ్రాకు 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ జరిగింది వెన్నుకే. పిచర్‌కు దగ్గరి బంధువు మన దగ్గర బౌలర్ కాదు, జావెలిన్ త్రోయర్. నీరజ్ చోప్రా 2019లో మోచేతి ఆపరేషన్ చేయించుకుని ఆ సీజన్‌కు దూరమయ్యాడు. 2008లో అమెరికా ఏజెంట్లు భారత్‌లో పిచర్ల కోసం వెతికినప్పుడు ఎంపికైన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్‌నుంచి వచ్చినవారే.

కుమార్ రాకర్ ఉదాహరణ

ఈ చక్రం ఇప్పుడెలా తిరుగుతోందో తల్లి వైపునుంచి భారత మూలాలున్న కుమార్ రాకర్ కెరీర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుంది. వైద్య పరీక్షల నివేదిక చూశాక కాంట్రాక్టు ఇవ్వలేదు. ఆ ఏడాదే భుజానికి ఆపరేషన్. మరుసటి ఏడాది టెక్సస్ రేంజర్స్ అతన్ని మూడో స్థానంలో తీసుకుంది. 2023 మేలో టామీ జాన్ సర్జరీ. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్ మీద మేజర్ లీగ్ తొలి మ్యాచ్ ఆడి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైక్ అవుట్ చేశాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. జాన్ మోచేతికి కోత పడింది 124 విజయాల తర్వాత. రాకర్‌కు తొలి మ్యాచ్‌కు ముందే.

హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు దగ్గర

డాక్టర్ జోబ్‌ను 2013లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కరించింది. మరుసటి ఏడాది ఆయన మరణించారు. జాన్‌కు మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. 300 విజయాలు దాటితే చోటు ఖాయమన్నట్టు ఉండేది, అతను దానికి 12 తక్కువలో ఆగిపోయాడు. చేయి బాగుకావడానికి పోయిన ఏడాదిన్నర ఆ పన్నెండుకు సరిపోయేదన్నది అతని మద్దతుదారుల వాదన. అది ఊహే అయినా బలహీనమైన ఊహ కాదు. శిఖరస్థాయి సీజన్లు తక్కువని, ఎక్కువ కాలం ఆడటం వల్లే అంకెలు పెరిగాయని ఇంకో వాదన. జర్నలిస్టుల ఓటింగ్‌లో చివరి అవకాశమైన 2009లో వచ్చింది 31.7 శాతం. కావాల్సింది 75. 2024 డిసెంబర్‌లో వెటరన్ల కమిటీలో 16 ఓట్లలో ఏడే పడ్డాయి. అదే రోజు ఎంపికైనవారిలో డిక్ అలెన్ ఉన్నాడు. 1971లో ఎవరిని తీసుకుని జాన్‌ను ఇచ్చేశారో ఆ ఆటగాడే.

రెండో వాదనలో ఒక లోపం ఉంది. మోచేతులు ఇంత వేగంగా తెగుతున్న కాలంలో 4,710 ఇన్నింగ్స్ వేయడాన్ని కేవలం ఓపికగా లెక్కగట్టడం న్యాయం కాదు. మౌండ్ మీద నిలబడి ఉండటం కూడా నైపుణ్యమే.

ఇకముందు

వైద్యం ముందుకు వెళ్తూనే ఉంది. లిగమెంట్ పూర్తిగా పాడవకపోతే దారపు టేపు లాంటి ఇంటర్నల్ బ్రేస్‌తో బిగించి, తక్కువ నెలల్లో మైదానానికి పంపుతున్నారు. కొందరికి కొత్త టెండన్, బ్రేస్ రెండూ కలిపి పెడుతున్నారు. దీనివల్ల తిరిగొచ్చే సమయం తగ్గవచ్చు. తెగడానికి కారణమైన బలం మాత్రం తగ్గదు.

దాన్ని తగ్గించగలిగేది ఆట నిబంధనలే. ఒక్కో జట్టులో పిచర్ల సంఖ్యను 2022లో 13కు పరిమితం చేశారు. ఇంకా తగ్గించాలని, స్టార్టర్ కనీసం ఆరు ఇన్నింగ్స్ వేసేలా నియమం పెట్టాలని చర్చ నడుస్తోంది. ఆరు ఇన్నింగ్స్ తప్పనిసరైతే ప్రతి బంతీ పూర్తి బలంతో వేయడం కుదరదు. సింకర్‌తో, తక్కువ బంతులతో ఇన్నింగ్స్ ముగించేవాళ్లకు మళ్లీ గిరాకీ వస్తుంది. దీనికి ఎదురుగా ఉన్న చిక్కు బ్యాటర్లు. జాన్ కాలంలో చాలామంది బంతిని తాకితే చాలనుకునేవాళ్లు. ఇప్పటివాళ్లు కింద పడే బంతిని కూడా పైకి లేపి హోమ్ రన్ కొట్టేలా స్వింగ్ మార్చుకున్నారు. పిచర్ స్పీడ్ తగ్గించుకుంటే మ్యాచ్ ఫలితం మీద పడే దెబ్బ 1977లో కంటే ఎక్కువగానే ఉంటుంది. నియమం అందరికీ ఒకేసారి వర్తిస్తే తప్ప, ఏ ఒక్క జట్టూ తనంతట తాను ఆ అడుగు వేయకపోవడానికి కారణం అదే.